తొట్టిలో లేని సముద్రం

"మోటరు కట్టెయ్యవే, నిండింది."

"కట్టేశా. దిగిరా, కాఫీ చల్లారిపోతోంది."

మా ఆయనా నేనూ ఆఖరున అనుకున్న మాటలివి. ఆయన డాబా మీద నీళ్ళతొట్టి దగ్గర, నేను కింద స్విచ్చి దగ్గర. ఆ పూటే గుండె ఆగి వెళ్ళిపోయాడు. మా కాపురమంతా ఒక మోటరుకి పైనా కిందా గడిచిపోయింది. రాసుకో సుజాతా, ఏడుపు ఇంతవరకే. ఇక చెప్పేది నలభై మంది నర్సుల్ని ముఖాన సబ్బుతో నేనొక్కదాన్నే ఎలా నిలబెట్టేశానో ఆ వైనం.

ఢిల్లీ జనక్‌పురిలో నర్సుల హాస్టల్ అది. ఆయన పోయాక ఆ నీళ్ళ పని, తొట్టి పక్కనున్న గది నాకే ఇచ్చారు. రోజూ పొద్దున్నే తొట్టిలో కర్ర ముంచి తడి ఎన్ని జానలుందో చెప్పాలి. తొమ్మిది జానలైతే నిండు.

నా అన్న కూతురు ఈ సుజాత గురుగ్రామ్‌లో కంప్యూటర్ల ఉద్యోగం చేస్తుంది. ఒకనాడొచ్చి నా చేతిలో ఫోను పెట్టింది.

"అత్తా, రోజుకో గడి. అందులో అంకె నొక్కు చాలు. అది క్లౌడ్‌లో నిలవుంటుంది. ఆఫీసు కంప్యూటర్ దాన్ని తెచ్చుకుని చార్టు గీస్తుంది. రెండూ కట్టేసి ఉంటాయి."

"దేంతో కట్టావే?"

"తాడేం లేదత్తా. ఇక్కడ మారితే అక్కడ మారుతుంది, అంతే."

ఆవూ దూడా అన్నమాట అనుకున్నాను. అక్షరాలు రావుగానీ అంకెలు నాకు చుట్టాలే. ఐదు నొక్కితే వార్డెనమ్మ గారి తెర మీద నీలం స్తంభం ఐదు జానలు లేచింది. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, "బాగుందిగానీ, ఒక్క రోజు తప్పు చూపిందా, ఆ గదిలో వేరే మనిషిని పెట్టుకుంటాను" అంది. ఆ గది పోతే నాకు మా ఆయన నిలబడిన చోటు కూడా పోతుంది. అయినా బుద్ధి ఉండొద్దూ?

ఆదివారం మధ్యాహ్నం. అందరూ చర్చి నుంచి వచ్చి పడుకున్నారు. డాబా మీద ఆరేసిన తెల్ల దుప్పట్లు వేడిగాలికి తెరచాపల్లా ఊగుతున్నాయి. వాటి నీడలో కూర్చుంటే ఢిల్లీ ఎటో కొట్టుకుపోయింది. మా ఊరి సముద్రపు ఒడ్డు, తడి ఇసకలో ఆయన పాదాలు, నా పాదాలు. ఒళ్ళో ఫోను. వేళ్ళు వాటంతటవే కదిలాయి. పాత గళ్ళు చెరిపి ఒకటి, రెండు, నాలుగు, ఏడు... ఈ రోజు గడిలో తొమ్మిది. అల లేచింది! దించుదామంటే రేపటి గడి తెరుచుకోలేదు. సరే, రేపు దించుదాంలే అని అలని గాల్లోనే వదిలి కునుకు తీశాను. తొట్టిలో ఉన్నది రెండు జానలు. మరి కంప్యూటర్? ఆఫీసుకి తాళం వేసుంది కదా, చూసేవాళ్ళు లేకపోతే అదీ నిద్రపోతుందనుకున్నాను.

సాయంత్రం వార్డెనమ్మ గారు తాళం తీసింది. తెర మీద తొట్టి నిండుగా ఉంది. "భయ్యా, కల్ మత్ ఆనా" అని, రేపు రావద్దని నీళ్ళ ట్యాంకరతనికి ఫోను చేసేసింది.

సోమవారం తెల్లారింది. రెండు జానలూ మొదటి పదిమందికి సరిపోయాయి.

"ఆంటీ, పానీ నహీ ఆ రహా."

"ఆగు తల్లీ, వస్తుంది."

"డ్యూటీ హై ఆంటీ. ఆంఖోఁ మే సాబున్ హై."

"కళ్ళు మూసుకో, మండదు."

నిండుకుండ తొణకదంటారు. నా కుండ నిండనే లేదు, హాస్టలంతా తొణికింది. సుజాత క్యాబులో పరుగున వచ్చింది.

"నిన్న ఏం నొక్కావత్తా?"

"సముద్రం."

"నీళ్ళెన్నున్నాయో నొక్కమంటే?"

"సముద్రంలో ఉండేది నీళ్ళే కదే."

వార్డెనమ్మ గారు తెర మీది స్తంభాల మీదుగా వేలు పోనిచ్చింది. నేను మనసులో గిన్నెలు సర్దేసుకుంటున్నాను.

"మాదీ ఒడ్డు ఊరే" అంది చివరికి. "అల ఇంత నిటారుగా లేవదమ్మా. గదిలోనే ఉండు. ఫోను మాత్రం ఇటివ్వు. నువ్వు పైనుంచి కేకెయ్యి, నేను కింద నొక్కుకుంటాను."

అంత గొప్ప క్లౌడుకీ తొట్టికీ మధ్య చివరికి రంపంలాంటి నా గొంతే తాడైంది. మధ్యాహ్నం ట్యాంకరొచ్చింది, మోటరు నీళ్ళు పైకెక్కించింది. కర్ర ముంచి చూసి కేకేశాను.

"మోటరు కట్టెయ్యండమ్మా, నిండింది."

నోరు దాటాక తెలిసింది అవి ఎవరి మాటలో.

ఇందుమూలంగా యావన్మంది నర్సులకీ ప్రమాణం చేసి చెబుతున్నాను. ఈ కట్టె కాలేదాకా జానెడు నీళ్ళని జానెడే అంటాను. మా ఊరి సముద్రం వచ్చి అడిగినా సరే, గడిలో చోటివ్వను.

అయిందా సుజాతా? ఏదీ, మొదటినుంచి చదివి వినిపించు. ఆ మోటరు మాట దగ్గర గొంతు పెంచకు, ఆయన మెల్లగానే అన్నాడు.