కొలతల పుస్తకం లేని దుకాణం

మధ్యాహ్నం బేరాలు పలచబడగానే దర్జీ మిషను మీద గుడ్డ కప్పి, గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న పుస్తకం తెరుస్తాడు. కథలంటే ఆయనకు పడవు. పది భాషలు మాట్లాడేవాళ్ళు, అంకెలు రంగుల్లో కనబడేవాళ్ళు, ఒకసారి విన్నది జన్మలో మరవనివాళ్ళు, ఇలాంటి వింత బుర్రల సంగతులుంటేనే చదువుతాడు. మెడలో టేపు వేలాడుతుంటే, సుద్ద అంటిన వేలు అక్షరాల కింద జరుపుకుంటూ, పెదవులు కదుపుతూ, తీరిగ్గా చదువుతాడు.

ఆ రోజు ఒకావిడ గుడ్డ తెచ్చింది. భర్త పోయి ఆరేళ్ళయింది. "మా ఆయన కొలతలకే చొక్కా కుట్టాలండీ, పెద్దాడికి ఇప్పుడవే సరిపోతాయి. ఆదికిద్దామంటే పాత చొక్కా ఒక్కటీ మిగల్లేదు" అంది.

దర్జీ గుడ్డ పరిచి సుద్దముక్క అందుకున్నాడు. "మెడ పదిహేనున్నర, చెయ్యి ఇరవై నాలుగు. ఎడమ భుజం అరంగుళం దిగువ. అబ్బాయికది అక్కర్లేదులెండి."

ఆవిడ గుడ్డ అంచు సవరించింది. "సంచీ ఎప్పుడూ ఆ భుజానికే వేసుకునేవారు. నేనే మర్చిపోయాను" అంది.

ఆవిడ వెళ్ళాక దర్జీ చదువుతున్న పేజీ వెతుక్కున్నాడు.

"వెయ్యి అంకెలు వరసగా అప్పజెప్పాడట" అన్నాడు, పక్కన కాజాలు కుడుతున్న భార్యతో. "ఇలాంటివాళ్ళు ఎక్కడుంటారో."

ఆమె దారం పంటితో తెంపి, ఆయన వంక ఒకసారి చూసింది.

"ఎక్కడో ఉండే ఉంటార్లెండి" అంది.