మామగారి నవ్వు విన్న మధ్యాహ్నం

మొన్న మనవరాలు ఫోనులో ఏదో పాత కార్టూన్ చూస్తుంటే, ఆ సంగీతం విని నేనూ వెళ్లి పక్కన కూర్చున్నాను. బొమ్మ అడుగు వేస్తే వయొలిన్ అడుగు వేయడం, బొమ్మ జారితే పిల్లనగ్రోవి జారడం, చేత్తో పూసినట్టుండే ఆ ఆకాశపు రంగులు మన కాలం వాళ్లకు కొత్త కాదు. అసలు సినిమాకు ముందు వేసే ఆ కాసిని బొమ్మల కోసమే హాలుకు పరుగెత్తిన వాళ్లం కదా.

అరవైల్లో మాట. మిర్యాలగూడలో బియ్యం మిల్లున్న ఇంటికి కొత్తగా కోడలినై వచ్చాను. మామగారు నవ్వగా చూసినవాళ్లు ఆ ఇంట్లో లేరు. ఆడవాళ్లు సినిమాకు పోవడం ఆయనకు గిట్టదు. ఒకసారి చెప్పకుండా పోయిందని నేను అక్కా అని పిలిచే మా తోటికోడలిని కోదాడలో పుట్టింటికి పంపి, ఎండాకాలమంతా పిలిపించలేదట. అయినా ఓ మధ్యాహ్నం, ఆయన సూర్యాపేట పోతున్నారని విని, గాజులకని అత్తగారితో చెప్పి అక్కా నేనూ మ్యాట్నీకి వెళ్లాం.

ఆడవాళ్ల బెంచీలకూ మగవాళ్ల కుర్చీలకూ మధ్య పొట్టి గోడ. తెరమీద లావుపాటి ఎలుగుబంటి తేనెకుండ నెత్తిన పెట్టుకుని లోయ మీది దుంగపై నడుస్తోంది. దుంగ కిర్రుమన్నప్పుడల్లా హాలంతా ఊపిరి బిగబడుతోంది. అంతలో కుర్చీల వైపు నుంచి ఒక నవ్వు, దగ్గులా మొదలై ఎంతకూ ఆగని నవ్వు. తెర వెలుగులో చూద్దును గదా, మామగారు, పైపంచెతో కళ్లు తుడుచుకుంటూ.

అక్క నా మణికట్టు పట్టిన పట్టుకు గాజు చిట్లింది.

"లే చెల్లీ. మామయ్య చూశారంటే ఈసారి పుట్టింటి నుంచి నన్ను మళ్లీ రానివ్వరు."

వంగి వంగి తలుపు దాకా వచ్చాం గాని, పరదా తీయగానే బయటి ఎండ లోపల పడింది. ఆయన తల తిప్పారు.

ఇంటికొచ్చి అక్క పెట్టెలో చీరలు సర్దుకుంది. సాయంత్రం ఆయన భోజనానికి కూర్చుంటే, నేను వడ్డించాను. ఆయన పప్పు కలుపుకుని, ముద్ద నోటిదాకా తెచ్చి ఆపారు.

"ఆ ఎలుగు పడలే. కుండ పలిగింది గని, అది ఒడ్డుకు చేరింది."

"ఏ ఎలుగు? ఏమంటున్నరు మీరు?" అన్నారు అత్తగారు.

"ఏం లే. మజ్జిగ పొయ్యి." నావైపు చూడకుండానే, "ఇగ పోయేటప్పుడు మీ అత్తకు చెప్పి పోండ్రి" అన్నారు. తలుపు చాటున అక్క వెక్కిళ్లు వినిపించాయి.

ఆ తర్వాత చెప్పే పోయాం, ఎన్నో చూశాం. ఆయన మాత్రం ఇంట్లో ఎన్నడూ నవ్వలేదు. ఇప్పుడు ఎవరి తెర వాళ్ల చేతిలోనే ఉంది, ఎవరినీ అడగనక్కర్లేదు, మంచిదే. కాని కొడుకుల ముందు, మిల్లు హమాలీల ముందు బిగబట్టుకున్న నవ్వును నలుగురి నవ్వులో కలిపేయడానికి ఆయనకొక చీకటి హాలుండేది. దాన్ని పడగొట్టి ఫంక్షన్ హాలు కట్టారు. అక్కడ పెళ్లిళ్లకు పోయినప్పుడు, ఆ కుర్చీలు ఎటువైపు ఉండేవో పోల్చుకోవాలని చూస్తాను. చెప్పడానికి అక్క కూడా లేదు.