కోసిన నరం అతకరట

అన్న వెంకట్రాజం పోయి పదకొండు నెలలు. ఎక్కడైనా కుదురుగా కూర్చున్న అన్నను గుర్తు చేసుకోవాలని చూస్తాను. గుర్తుకొచ్చేది మాత్రం 1979 ఎండాకాలంలో మగ్గం గుంట ఎక్కుతూ దిగుతూ ఉన్న మనిషే.

వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసేవాడు. గుంటలో కాళ్లు వేలాడేసి, కింది చెక్కలను ఒకటి మార్చి ఒకటి తొక్కాలి. ఎడమ పాదంలో మూడో వేలికీ నాలుగో వేలికీ మధ్య మంట మొదలైంది. నాలుగు తొక్కులు తొక్కేవాడు, పైకొచ్చి పాదం పిసుక్కునేవాడు, వాకిట్లోకి పోయేవాడు, మళ్లీ దిగేవాడు. నర్సంపేట పసరు కట్టూ అయింది, వర్ధన్నపేట తైలమూ అయింది.

"మగ్గం నేస్తున్నవా, గుంటకు కావలి కాస్తున్నవా?" అని వదిన అనసూయ దెప్పేది.

చివరికి పెద్ద దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు పాదాన్ని రెండు పక్కలా నొక్కితే లోపల టిక్కుమంది. అన్న బల్ల మీంచి ఎగిరిపడ్డాడు.

"నరంలో ముడి పడింది. కోసి తీసేస్తా."

"తీసినంక రెండు కొసలు అతుకుతరా సార్?"

"అతకం. ఆ ముక్క పోయినట్టే."

అన్న బల్ల దిగి దవాఖాన గేటు దాటేదాకా ఆగలేదు. మగ్గం మీద పడుగులో నిలువు పోగు తెగితే అక్కడికక్కడే అతకాలి. లేకుంటే ఆ సందు బట్ట పొడుగునా వస్తుంది. అతకకుండా వదిలేసే పనివాణ్ని అన్న జన్మలో నమ్మలేదు.

"కోసి అతకడట! నరం తెగినంక కాలు పడిపోదారా తమ్మీ? గుంటల దిగుడెట్ల? నాకు ఇంకో పని రాకపాయె."

నెల రోజులు మడమతో తొక్కబోయి పోగులు తప్పాడు. విప్పాడు. నేశాడు. మళ్లీ విప్పాడు. అన్నం ముందు కూడా కూర్చోలేకపోయాడు. నేనే పోయి అన్న భయమేమిటో డాక్టరుకు చెప్పాను. ఆయన నవ్వలేదు.

"కాలు ఆడించే నరం వేరు. ఇది ఆ రెండు వేళ్లకు స్పర్శ తెలిపేదే. ఒక సూది వేస్తా, రెండు గంటలు మొద్దుబారుతుంది. కోసినా అలాగే ఉంటుంది. పోయి తొక్కి చూసుకోమను."

అన్నను ఒప్పించి తీసుకుపోయి సూది వేయించి, రిక్షాలో తెచ్చి నేరుగా గుంటలోకి దించాను. అన్న వేళ్లు గిల్లుకున్నాడు. తెలియలేదు. తొక్కాడు. చెక్క దిగింది.

"కాలున్నదానె, దవాఖానల ఇచ్చొచ్చినవా?" అన్నాడు పక్క మగ్గం కొమురెల్లి.

"ఉన్నది గని, నా కాలు లెక్క అనిపిస్తలేదురా."

జానెడు నేశాడు. ఒక్క పోగు తప్పలేదు. అంతలో సూది మత్తు దిగిపోయింది. అన్న పండ్లు కొరుకుతూ పైకెక్కాడు. మర్నాడు పొద్దున్నే నాకు చెప్పకుండానే పోయి దవాఖాన వరండాలో కూర్చున్నాడు.

పాదం పైన రెండంగుళాల కోత. తీసిందేమిటో చూపించమని పట్టుబట్టాడట. శెనగగింజంత. "గింతదానికి ఇంత లొల్లా!" అన్నాడు.

నెల తర్వాత గుంటలో దిగిన రోజు వదిన, కొమురెల్లి, నేను చుట్టూ నిలబడ్డాం. ఎడమ చెక్క దిగింది, కుడిది దిగింది, పోగు పట్టుకొని నాడె ఈ కొస నుంచి ఆ కొసకు ఉరికింది. అన్న ఆగి కిందికి తొంగి చూశాడు. తొక్కాడు. మళ్లీ తొంగి చూశాడు.

"ఏందయ్యా, నొస్తాందా?" అంది వదిన.

"నొస్తలేదు. జర జరుగుండ్రి, ఎల్తురుకు అడ్డమున్నరు. ఇగ కాలు ఏడున్నదో కండ్లతోని చూసుకోవాలె."