కుర్చీ ఎక్కని కెప్టెన్

నిన్న పొద్దున్న కైకలూరులో చేపలకి ఐస్ కోసం షాపు దగ్గర నిలబడి ఉంటే పాస్టర్ గారి ఫోన్.

"ప్రెసిడెంటు గారూ, సువార్తమ్మ గారు వెళ్ళిపోయారండి."

"ఎక్కడికండి?" అన్నాను.

"ప్రభువు దగ్గరికండి," అన్నారు. అప్పుడు తెలిసింది.

ఐస్ తీసుకోకుండానే బస్సెక్కేశాను.

మా లంక ఊళ్ళో చేపల సంఘానికి నేను ప్రెసిడెంటుని. సువార్తమ్మ వైస్ ప్రెసిడెంటు. మిషను కుట్టుకుని బతికేది. ఏలూరు హాస్టల్లో ఉండి టెన్త్ చదివింది. మా అందరిలోకీ అదే పెద్ద చదువు.

చిన్నవాళ్ళకి టీవీ సంగతి తెలియదు. అందుకని చెబుతున్నాను.

అప్పట్లో ఊరంతటికీ ఒకటే టీవీ, సంఘం ఆఫీసులో. ఆదివారం చర్చి అయ్యాక అందరం అక్కడే.

ఒక ఇంగ్లీషు సీరియల్ వచ్చేది. ఆకాశంలో తిరిగే పెద్ద ఓడ. అందులో బూడిద రంగు యూనిఫాం వేసుకున్న ఒక ఆవిడ. జుట్టు గట్టిగా ముడి వేసుకునేది. ఓడ మధ్యలో పెద్ద కుర్చీ. ఆవిడ ఆ కుర్చీ వెనకాల నిలబడి, దాని మీద ఒక చెయ్యి వేసి ఆర్డర్లు ఇచ్చేది. గొంతు పెంచేది కాదు. కుర్చీ ఖాళీగా ఉన్నా కూర్చునేది కాదు.

మాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. సువార్తమ్మ టీవీ పక్కన నిలబడి తెలుగులో చెప్పేది.

"ఆవిడే కెప్టెనండి," అంది మొదటి రోజే.

"మరి కుర్చీలో కూర్చున్నాయన ఎవరే?" అని మా అమ్మ అడిగింది.

"ఆయన ప్రెసిడెంటండి పెద్దమ్మగారూ. మన అన్నయ్యగారిలాగ."

ఊరంతా నావైపు చూసి నవ్వింది. నేనూ నవ్వాను. నిజమే కదా. సంతకం నాది. ఆఫీసుల చుట్టూ తిరిగేది, మాట్లాడేది ఆవిడ. నలుగురిలో నాకు నోరు రాదు.

ఒక వారం ఆ ఓడకి చిల్లు పడింది. కుర్చీ ఆయన ఎక్కడో వేరే గ్రహం మీద ఉన్నాడు. ఆవిడ అందర్నీ చిన్న చిన్న ఓడల్లో పంపించేసి, ఆఖర్న తను దిగింది.

ఆ రోజు సువార్తమ్మ తెలుగులో ఏమీ చెప్పలేదు. మాకు మాత్రం అంతా అర్థమైంది.

తర్వాత మా ఊరికి వరద వచ్చింది.

నేను సంఘం పని మీద ఏలూరు వెళ్ళాను. రోడ్డు మునిగిపోయింది. మూడు రోజులు రాలేకపోయాను.

ఊళ్ళో పడవలన్నీ ఒక్కచోట చేర్చింది సువార్తమ్మ. ముసలివాళ్ళు ముందు, పిల్లలూ తల్లులూ తర్వాత, మేకలు ఆ తర్వాత. అందర్నీ స్కూలు మేడ మీదకి చేర్చింది. నీళ్ళు నడుము దాకా వచ్చాయి, నువ్వూ ఎక్కమ్మా అని మా అమ్మ బతిమాలిందట.

"సీరియల్ చూళ్ళేదేంటండి పెద్దమ్మగారూ? ముందు మీరెక్కండి."

ఆఖరి పడవలో తను వచ్చింది. టీవీ ఒళ్ళో పెట్టుకుని.

నీళ్ళు తీశాక ఆఫీసర్లు వచ్చి మీటింగ్ పెట్టారు. మైకులో ప్రెసిడెంటు గారు అని నా పేరు పిలిచారు. కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పారు. ఫోటో తీశారు.

నేను కాదండి, ఆవిడ అని చెప్పాలి. నోరు రాలేదు.

అందరి కంటే గట్టిగా చప్పట్లు కొట్టింది సువార్తమ్మే.

ఈమధ్య, ఇంజనీరింగ్ చదివే మా మనవరాలు ఆ సీరియల్ని ఫోన్లో వెతికి చూపించింది. "తాతా, ఆవిడ కెప్టెన్ కాదు. సెకండ్ ఇన్ కమాండ్. ఆ కూర్చున్నాయనే కెప్టెన్," అంది.

మర్నాడే సువార్తమ్మ ఇంటికి వెళ్ళాను.

"ఏమ్మా, ఇన్నేళ్ళూ ఊరందర్నీ మోసం చేశావా?"

మిషను ఆపి పకపకా నవ్వింది.

"మోసమేంటండి అన్నయ్యగారూ! ఎప్పుడు చూసినా ఆయన వేరే గ్రహాల మీద షికార్లేనాయె. ఓడ ఎవరు చూసుకున్నారండి? టీ తాగండి, చల్లారిపోద్ది."

శాలువా సంగతి అప్పుడైనా చెబుదామనుకున్నాను. టీ తాగి వచ్చేశాను.

ఇవాళ సమాధి దగ్గర మట్టి చేసే ముందు రెండు ముక్కలు మాట్లాడమన్నారు. లేచి నిలబడ్డాను. మళ్ళీ అదే. నోరు రాలేదు. సంచిలో తెచ్చిన ఆ శాలువా తీసి ఆవిడ మీద కప్పాను. ఎందుకో ఎవరికీ తెలియలేదు.

అందుకే అందరూ చూసేలా ఇక్కడ ఫోన్లో రాస్తున్నాను.

వరదలో ఊరిని కాపాడింది నేను కాదు. నేను ఏలూరులో మా బావమరిది ఇంట్లో వేడి వేడి అన్నం తింటున్నాను.

సంఘం ఆఫీసులో ఆ ఫోటో ఇంకా ఉంది. కుర్రాళ్ళు అది చూసి నాకు దండం పెడతారు. ఇంక పెట్టకండి బాబూ. ఆ ఫోటోలో నా కుర్చీ వెనకాల, కుర్చీ మీద చెయ్యి వేసి, సగమే పడిన ఆవిడ ఉంది. ఆవిణ్ణి చూడండి.

అందరం ఒడ్డెక్కాం కెప్టెన్ గారూ.

ప్రభువు దగ్గరైనా కాస్త కూర్చో అమ్మా. నెమ్మదిగా ఉండు.