దౌలత్‌బీ నింపిన తూటాలు

గల్ఫ్‌లోని ఖోర్ ఫక్కాన్ ఊళ్లో దౌలత్‌బీని అందరూ వంటమనిషి అనే అనుకునేవారు. అనుకోనివ్వండి. ఆవిడ వండిన ఇంట్లోనే పదకొండేళ్లు కారు నడిపిన నెల్లూరు రహమతుల్లాను, నేను చెబుతున్నాను: తుపాకి మందు గురించి ఆవిడకు తెలిసినంత ఆ ఊళ్లో ఏ మీసాలవాడికీ తెలియదు.

ఆవిడది రాయచోటి పక్క పల్లె. పుట్టింటివాళ్లు ఉరుసులకూ జాతరలకూ బాణసంచా కట్టేవాళ్లు. సురేకారం వాసనలోనే పెరిగింది. మొగుడు వదిలేసి పోతే ఏడుస్తూ కూర్చోకుండా, 1975లో వీసా సంపాదించుకుని దుబాయ్ విమానం ఎక్కేసింది.

మా అర్బాబ్, అంటే యజమాని, ఖల్ఫాన్‌కు డెబ్బై దాటాయి. ఆయన దగ్గర తాతల నాటి కార్బైన్ ఒకటి ఉండేది. పొట్టి తుపాకి, ఒక్కసారికి ఒక్క తూటాయే పడుతుంది. దానికి సరిపోయే తూటాలు బజార్లో దొరకడం ఎప్పుడో మానేశాయి. అందుకని కాల్చేసిన తూటాల ఇత్తడి గొట్టాలనే దాచుకుని ఇంట్లో మళ్లీ నింపుకునేవాడు. ఒకరోజు చేతులు వణికి మందు చాపంతా ఒలకబోశాడు. దౌలత్‌బీ వంటింట్లోంచి వచ్చి, తెలుగులో నాలుగు చీవాట్లు పెట్టి, కొలత గరిటె లాక్కుంది. ఆనాటి నుంచి ఆ పని ఆవిడదే.

ఆవిడ మందు ఎంచే తీరు చూడాలి. కొండల అవతలి నుంచి వచ్చే నల్లపొడిని చిటికెడు అరచేతిలో వేసి బొటనవేలితో రుద్దేది. చెయ్యి మసిబారితే ఆ పొడి వద్దనేది. పిండిలా ఉన్నది భగ్గున ఒక్కసారే అంటుకుంటుందని పక్కన పెట్టి, రవ్వలాంటిదే తీసుకునేది. గుండ్లకు సీసం జాలరుల దగ్గర కొనేది, పాత వలలకు కట్టిన బరువులు. గోరు దిగేంత మెత్తటిదైతేనే కరిగించి అచ్చు పోసేది. అరిగిన తుపాకి గొట్టానికి మెత్తటి గుండే పడుతుందని, పళ్లూడినవాడికి సంగటి పెట్టినట్టేనని నాతో అనేది.

1981లో ఆ ఇంటివాళ్ల బంధువుల పెళ్లి వచ్చింది. అక్కడి ఆనవాయితీ ప్రకారం శుక్రవారం తుపాకి గురి పోటీ, అందులో ముసలాయన కాల్చాలి. గురువారం ఆయన కొడుకు ఉబైద్ దుబాయ్ నుంచి దిగాడు. పెద్ద ఆఫీసులో ముదీర్, అంటే మేనేజరు. నాన్న తుపాకి పొగకు జనం దగ్గుతున్నారని, కొత్తరకం పొగరాని మందు డబ్బా, రాగి తొడుగు వేసిన గట్టి గుండ్లు తెచ్చాడు. మేము చేపల కోసం వెళ్లి వచ్చేసరికి పది తూటాలు నింపి తండ్రి ముందు పెట్టాడు కూడా.

దౌలత్‌బీ డబ్బా చూసింది. పక్కనే తన గరిటె, దానికి అంటుకున్న బూడిదరంగు పలుకులు చూసింది. చేపల బుట్ట అక్కడే పడేసి, పది తూటాలనూ కొంగులో మూటగట్టింది. ఉబైద్ ఇమ్మన్నాడు. ఇవ్వనంది. కారణం నాకు తెలుగులో చెప్పి, వాడికి చెప్పమంది.

“ఆ గరిటె నల్లపొడికి కొలిచి కోసింది. ఈ మందు దానికంటే శానా బలం. అదే గరిటె నిండా పోస్తే తుపాకి పగుల్తాది, పెద్దాయన మొగం పోతాది. చెప్పు.”

నాకు నా వీసా గుర్తొచ్చింది. మందు కాస్త ఎక్కువైందేమో అంటోందని అరబ్బీలో నసిగాను. ఆరేళ్లలో ఆవిడకూ ఆ మాత్రం అరబ్బీ వచ్చు.

“మెత్తగా చెప్పొద్దు రహమతుల్లా. నేను అనింది అనినట్టే చెప్పు.”

చెప్పాను. ఉబైద్ మండిపడ్డాడు. వంటమనిషి తనకు నేర్పేదేమిటన్నాడు. ఖలాస్, వీసా రద్దు, రేపే విమానం ఎక్కమన్నాడు. ఆ మాట తలుచుకుంటే నాకు ఈనాటికీ ఒళ్లు మండుతుంది.

ఆవిడ తమ్ముడు పంతొమ్మిదేళ్లకే జాతరలో బాణసంచా మీద పేలి పోయాడు. మందు కూరింది ఒకరు, అంటించింది వాడు. ఆ రోజు నుంచి వాళ్ల నాయన ఇంట్లో కట్టుబాటు పెట్టాడు, ఎవరు కూరితే వాళ్లే మొదట అంటించాలని. అది నాకు ముందే తెలుసు కాబట్టి, దౌలత్‌బీ కొంగు విప్పి ఒక తూటా ఉబైద్‌కు చాచగానే ఏమనబోతోందో నాకు అర్థమైంది.

“నింపినోడే ముందు కాల్చాల. నువ్వు నింపినావు, నువ్వు కాల్చు. నీ పక్కనే నేనూ నిలబడతా.”

ఈసారి ఒక్క అక్షరం మార్చకుండా చెప్పాను. ఉబైద్ తూటా అందుకున్నాడు, కార్బైన్ తెరిచాడు. ఆవిడ వెళ్లి వాడి భుజం పక్కన నిలబడింది. వాడు నుదురు తుడుచుకున్నాడు. డబ్బా మీది కాగితం చదివావా అని తండ్రి అడిగాడు. ఆఫీసులో చదవనిదే సంతకం పెట్టని మనిషి, చదవలేదని ఒప్పుకుని తూటాను చాప మీద పెట్టేశాడు. వీసా మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ సాయంత్రం ఆవిడ తన నల్లపొడితో, తన సీసంతో పది నింపింది. మర్నాడు పొద్దున పెళ్లికి బయల్దేరేముందు, ఎప్పటిలాగే మొదటి తూటా కాల్చి చూడడానికి ముసలాయన తుపాకి కోసం చెయ్యి చాచాడు. ఆడమనిషి కాల్చడమేమిటని అన్నాళ్లూ ఆ పని ఆయనే చేసేవాడు. దౌలత్‌బీ తుపాకి ఇవ్వలేదు.

“ఇన్నేండ్లూ నేను నింపినవి మీరు కాల్చినారు బాబా. అది నా తప్పు. మొదటిది నాది.”

ముంగిట్లో పదిమంది మగవాళ్లు నోళ్లు తెరుచుకుని చూస్తుండగా, తుపాకి మడమను భుజానికి నొక్కి, చెంప ఆనించి కాల్చింది. ముంగిలంతా పొగ. ఎవరూ దగ్గలేదు.

తుపాకి తన్నిన దెబ్బకు వారం రోజులు ఆవిడ కుడి భుజం కమిలిపోయి ఉంది. పిండి పిసుకుతుంటే నొప్పి పెట్టడం లేదా అక్కా అని అడిగాను.

“నొయ్యనీ,” అంది. “నేను నింపిందే గదా.”