‘తినలేదు’ అని రాసిన కార్డు

అంకుల్ పోయారని మంగళవారం పొద్దున ఆంటీ ఫోన్ చేశారు. గుండెపోటు. నేనప్పుడు షిఫ్ట్‌కి వెళ్తూ బస్టాప్‌లో ఉన్నాను. రెండేళ్లుగా ఆ దారిన నన్ను కార్లో తీసుకెళ్లింది ఆయనే. ఒంట్లో బాగాలేదని ఆయన సెలవు పెట్టిన ఆ వారమే బస్సెక్కుతున్నాను.

కెనడాలోని విండ్సర్‌లో కాఫీ షాపుల ముందు మాలాంటి స్టూడెంట్లు రెజ్యూమేలు పట్టుకుని లైన్ కట్టిన రోజుల్లో, ఎవరూ అప్లై చేయని పని ఒకటి నాకు దొరికింది: పెంపుడు పాముల్ని పుట్టించి అమ్మేచోట పెట్టెలు కడగడం. కార్ల ప్లాంట్‌లో రిటైరైన అంకుల్ అక్కడ మేత చూసేవారు. గుంటూరు వైపు ఆయన.

“పాముకి భయపడతావా, ఓనర్‌కి భయపడతావా?” అన్నారు మొదటిరోజు.

“పాముకే అంకుల్.”

“కొత్త కదా.”

అక్కడొక ఆడ పైథాన్ ఉంది. ఒంటి మీద సాలెగూడు లాంటి గీతలు. జనం ఎగబడేది వాటికే. ఆ గీతలు తెచ్చే జన్యువే తలను నిలవనివ్వదు. తల ఒరుగుతుంది, మెలి తిరుగుతుంది, ఎలుక ఎదురుగా ఉన్నా గాలిని కాటేస్తుంది. నేనిది ఫోన్‌లో చదివి నేర్చుకున్నాను. ఓనర్‌కి ఎప్పుడో తెలుసు. తెలిసే పుట్టిస్తాడు. కొనేవాళ్లతో “డాన్స్ చేస్తోంది” అంటాడు.

అంకుల్ బోర్లించిన బకెట్ మీద కూర్చుని, పట్టకారుతో ఎలుకను పట్టుకుని, అది ఎన్నిసార్లు గురి తప్పినా చెయ్యి కదిపేవారు కాదు. “నిదానంగా రా తల్లీ, నాకు పనేం లేదు.” బోలెడు పని ఉండేది.

ఒక ఆదివారం ఆయన చర్చికి వెళ్లారు. దాని పెట్టె మీది మేత కార్డులో, అంకుల్ ఇంగ్లీషు రాతలో, వారం వారం ‘తినలేదు’ అనే ఉంది. ముందురోజే అది తినడం చూశాను. పొరపాటనుకుని కొట్టేసి, ‘తింటోంది’ అని దిద్దాను. తిండి మానేసిన ఆడదాన్ని జత కట్టించరని నాకు తెలియదు. పెట్టెలు తెరవని ఓనర్ కార్డు చూసి, ఆ వారమే మగదాన్ని తెచ్చి వదిలాడు.

గుడ్లలోంచి సగం పిల్లలు తల మెలితిప్పుకుంటూనే వచ్చాయి. ఒకటి వెల్లకిలా పడి మళ్లీ తిరగలేకపోయింది.

“తిట్టండి అంకుల్.”

“తిడితే వాటి తల నిలబడుద్దా?” ఆ పిల్లను అరచేత్తో తిప్పి పెట్టారు. “నీ చేతిరాత బాగుందయ్యా. ఇక నుంచి కార్డులు నువ్వే రాయి.”

అంతే. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఓనర్ మీద ఎంత కోపమున్నా ఆ పెట్టెలు కడిగేది నేనే; ఆ కోపం మోసీ మోసీ అలసిపోయాను. ఓనర్‌కి తెలుగు రాదు కాబట్టి ఇదైనా రాస్తున్నాను.

అంకుల్‌ని సమాధి చేసిన మర్నాడు ఓనర్ గుమ్మంలోంచే అడిగాడు, ఆ ఆడ పైథాన్ ఇప్పుడు తింటోందా అని. చూసి రాస్తానన్నాను.

బకెట్ మీద కూర్చున్నాను. అది నాలుగుసార్లు గాలిని కాటేసింది. నా చెయ్యి నొప్పెట్టినా దించలేదు. ఐదోసారి దొరికింది. ఎలుక తోక ఇంకా దాని నోటి బయట ఉండగానే పెన్ను తీసి, కార్డు మీద ఒకప్పుడు ఆయన రాసిన మాటే రాశాను: తినలేదు.