టోపీ కింద మైనం

ఇది ఈ వారమే రాయాలి. మా అబ్బ... అంటే మా నాయన వాళ్ళ నాయన... ఆయన లైసెన్సు తుపాకి ఇప్పుడు నాయన పేరుకు మారింది. ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే కాబట్టి కాగితాల పనంతా నేనే చూసినాను. ఆదివారం నాయన దాన్ని మొదటిసారి పేల్చబోతున్నాడు. ఆయన బతుకంతా మార్కాపురం పలకల గనుల్లో గడిచింది. తుపాకి పట్టింది లేదు. అబ్బ పేలుస్తుంటే పక్కనుండి చూసినవాళ్ళలో మిగిలింది నేనే.

మా చిన్నప్పుడు... పెద్దారవీడు అవతల, నల్లమల అంచున మా చేను. శెనక్కాయ ఊరే రోజుల్లో అడవి పందులు దిగేవి. అబ్బది పాతకాలం తుపాకి... గొట్టం నోట్లోనుంచి మందు దట్టించేది. వెనకవైపు లోపలిదాకా సన్న రంధ్రమున్న చిన్న మొన, దానిమీద కందిగింజంత రాగి టోపీ. గుర్రం అనే ఇనుప ముక్క వచ్చి టోపీని కొడితే నిప్పు పుట్టి లోపలి మందు అంటుకునేది. టోపీల డబ్బా తడవకుండా పట్టుకోవడం నా పని.

ఒక సాయంత్రం ముసురు. ఈసారి నేనే పేలుస్తానని చిన్నాయన పట్టుబట్టినాడు. టోపీ తడుస్తుందేమోనని, చర్చిలో క్రిస్మస్‌కు వెలిగించగా మిగిలిన కొవ్వొత్తి ముక్కను మెత్తగా పిసికి, ముందు మొనకు పూసి, దానిమీద టోపీ పెట్టినాడు.

పందులు వచ్చినాయి. చిన్నాయన గుర్రం వదిలినాడు. టక్... అంతే.

"నీ చప్పుడుకు పంది తలకాయ కూడా ఎత్తలేదు గదరా" అని మా వెనకే నిలబడిన జేజి, అంటే మా నాయనమ్మ, నవ్వింది.

ఏమైందో చూపిద్దామని చిన్నాయన తుపాకితో సహా ఆమె వైపు తిరగబోయినాడు.

"గొట్టం కొండకు పెట్టు. కదలొద్దు" అన్నాడు అబ్బ. గొంతు పెంచలేదు.

అట్లే నిలబెట్టినాడు. చాలాసేపు... వాన పడతానే ఉంది. మేమెవరం కదల్లేదు. తర్వాత అబ్బే టోపీ ఊడదీసి చూపించినాడు.

"చూడు. ఇది మైనం మీద కూర్చున్నది, మొన మీద గాదు. నువ్వు కొట్టిన దెబ్బ దాన్ని కిందికి దించడానికే సరిపోయింది."

"మళ్ళీ కొడితే పేలేదా నాయనా?" అని చిన్నాయన అబ్బను అడిగినాడు.

"పేలేది. కొట్టకపోయినా, లోపల నిప్పు రగులుతుంటే ఆలస్యంగా పేలేది. నువ్వు తిరగబోయింది మీ అమ్మ వైపు."

జేజి కొంగుతో మొహం తుడుచుకుని, "ఇంక ఇంటికి పోదాం పాండి" అన్నది.

ఆ తర్వాత అబ్బ టోపీ పెట్టే తీరు నేను శ్రద్ధగా చూసేదాన్ని. మందు పోయకముందే మొనను పొడిగుడ్డతో తుడిచి, సూదితో దాని రంధ్రం శుభ్రం చేసేవాడు. అందరం ఆయన వెనక చేరినాక, గొట్టం కొండవైపు ఉంచి, అన్నిటికంటే చివర టోపీ పెట్టేవాడు. చెక్కముక్కతో నిటారుగా, అడుగు తాకేదాకా మెల్లగా నొక్కేవాడు. కొట్టేవాడు కాదు. గోటితో కదిపితే కదలగూడదు. మైనం పూస్తే ఆ తర్వాతే, అంచు చుట్టూ మాత్రమే.

ఇదంతా నాయనకు చెప్పినాను. "పేలకపోతే ఎంతసేపు ఆగాలమ్మా?" అని అడిగినాడు.

నాకు తెలియదు. ఆ రోజు చాలాసేపనిపించింది... వానలో నిలబడిన చిన్నపిల్లకు ఎంతైనా చాలాసేపే.

అప్పట్లో ఇది అడగడానికి ప్రతి ఊళ్ళో ఒకరుండేవాళ్ళు. ఇప్పుడు చేల చుట్టూ సోలార్ తీగలు, కుక్క అరుపుల మైకులు... అబ్బ లేడు, జేజి లేదు, చిన్నాయనా లేడు.

గిద్దలూరు, బేస్తవారిపేట వైపు మీ ఇళ్ళల్లో ఇట్లాంటి తుపాకి ఉండి ఉంటే, పేలనప్పుడు మీ పెద్దవాళ్ళు ఎంతసేపు అట్లే పట్టుకునేవాళ్ళో చెప్పండి. కళ్ళతో చూసింది మాత్రమే... ఊహించి వద్దు. శనివారం సాయంత్రంలోగా రాయండి. ఎవరూ చెప్పకపోతే, ఆదివారం పేల్చొద్దని నాయనకు చెప్తాను.